నారుమడిలోనే మొదలైన తిప్పరాగి: ఒక రాగి విత్తన పొలం కేస్ స్టడీ

రాగి మొండి పంట, కలుపు ఉన్నా ఎలాగోలా వచ్చేస్తుంది అని మన వాళ్ళు అంటుంటారు. ఇంట్లో సంగటికి వేసుకునే రాగికైతే ఆ మాట కొంతవరకు నిజమే, విత్తనం కోసం వేసే రాగికి మాత్రం అస్సలు కాదు. ఈ కేసు ఎందుకు రాస్తున్నానంటే ఇందులో పంటా కలుపూ రెండూ ఒకే ప్రజాతివి, ఎల్యుసైన్ అనే గడ్డి ప్రజాతి. మనం తినే రాగి ఎల్యుసైన్ కొరకానా, దాని పక్కనే మొలిచి ప్రాణం తీసే తిప్పరాగి ఎల్యుసైన్ ఇండికా. మందు కొట్టాలా చేత్తో పీకాలా, పీకితే ఎప్పుడు పీకాలి, విత్తనం పాడైపోయిందా లేదా, ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు ఆ చుట్టరికంలోనే ఉంది. అది తెలియకుండా చేసిన ఖర్చంతా మట్టిలో పోయింది, తెలిశాక చేసిన పనులకి పెద్ద ఖర్చు కూడా అవ్వలేదు.

ఊరి పేరు, మనుషుల పేర్లు, పొలం ఎంత అనేది రాయట్లేదు.

నేపథ్యం

బెంగళూరుకి ఉత్తరంగా, సిటీ లేఔట్లు వచ్చి పొలాల్ని తగులుకుంటున్న చోట ఒక తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడ. ఎర్ర నేల, వానే ఆధారం, ఒక బోరు ఉంది కానీ అది ఇంటి దగ్గరి నారుమడికి, పశువులకి, కూరగాయలకే సరిపోతుంది. రాగిలో ఈ చుట్టుపక్కల బాగా నడిచే జీపీయూ-28 అనే రకం వేస్తారు, నారు పోసి నాటతారు, జూలై చివర్లో ఆగస్టులో నాట్లు, నవంబర్ డిసెంబర్లలో కోత. కొన్నాళ్ళ నుంచి కొంత భాగం విత్తనానికి ఇస్తున్నారు, మిగతాది సిటీలో పిండి పట్టించి అమ్మే వాళ్ళకి ఇస్తారు. విత్తనం రేటు మామూలు రాగి రేటు కంటే ఎక్కువ కాబట్టి ఇంటికి అదే అసలు ఆదాయం.

పొలం చూసుకునేది కొడుకు, నలభై దాటిన మనిషి, ఫోన్‌లో చాలా చదువుతాడు, వీడియోలు చూస్తాడు, నన్ను సార్ అంటాడు. కలుపు దగ్గర, నారు దగ్గర పెత్తనం వాళ్ళమ్మది, ఊరంతా ఆవిడని అవ్వా అనే పిలుస్తారు. ఈ కేసులో సగం పని ఆవిడ చేతుల మీదే జరిగింది.

సమస్య నా దగ్గరికి ఎలా వచ్చింది

పంట కంకి వేశాక విత్తనం తీసుకునే వాళ్ళు పొలం చూడ్డానికి వచ్చి, వేరే రకం మొక్కలు ఎక్కువున్నాయి, తిప్పరాగి కూడా చాలా ఉంది, ఈ లాట్ మేం తీసుకోం అని చెప్పి వెళ్ళిపోయారు. కొడుకు నాకు పంపిన ఫోటోల్లో రెండు రకాల మొక్కలున్నాయి. ఒకటి పొట్టిది, సన్నటి పచ్చటి వేళ్ళు చాచినట్టు ఉన్న కంకి. రెండోది రాగి కంటే ఎత్తు, కంకి రాగిదే కానీ వేళ్ళు లోపలికి ముడుచుకోకుండా బారుగా విచ్చుకున్నాయి. ఆయన భయం ఒక్కటే.

"సార్, తిప్పరాగీ మా రాగీ కలిసిపోయి కొత్త జాతి పుట్టినట్టుంది. పొట్టిది తల్లి, పొడుగుది పిల్ల. ఆఫ్రికాలో ఇట్లే అయితాదంట, నేను చదివినా. ఇంక మా విత్తనం పనికిరాదా?"

ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోలేదు, ఎందుకంటే ఆయన చదివింది నిజం. ఎల్యుసైన్ ప్రజాతిలో ఉన్నవి తొమ్మిది పది జాతులే, వాటిలో ఎక్కువ భాగం తూర్పు ఆఫ్రికా ఎత్తు ప్రాంతాల్లోనే ఉన్నాయి, ఇథియోపియా, కెన్యా, ఉగాండా, టాంజానియా. ట్రైస్టాకియా అనే ఒక్కటి దక్షిణ అమెరికాది. ఏడాదిలో అయిపోయే జాతులతో పాటు జేగరీ, ఫ్లోక్కిఫోలియా లాంటి బహువార్షికాలు కూడా ఆ కొండల్లోనే ఉంటాయి. రాగి పుట్టిల్లు కూడా అదే, అక్కడి అడవి రూపం ఆఫ్రికానా నుంచి సుమారు 5000 ఏళ్ళ కింద మనుషులు రాగిని మలుచుకున్నారు, తర్వాత అది సముద్రం దాటి మన దగ్గరికొచ్చింది. అక్కడ ఇప్పటికీ రాగి పొలాల గట్ల మీద ఆఫ్రికానా ఉంటుంది, రెండూ కలుస్తాయి, పుట్టిన పిల్లలకి మళ్ళీ విత్తనం కడుతుంది, ఆ కలిసిన వాటికి స్పాంటేనియా అని పేరు కూడా పెట్టారు, అవి కోతకి ముందే కంకి నుంచి గింజ రాల్చేస్తాయి. విత్తనం రైతుకి అంతకంటే పీడకల ఉండదు.

కాబట్టి నా ముందున్న మొదటి ప్రశ్న కలుపు ఎలా తీయాలి అనేది కాదు. ఈ పొలంలో ఉన్నది ఏది? ఇండికానా, ఆఫ్రికానానా, లేక ఇంకేదైనానా? ఇది తేల్చకుండా ఏ సలహా ఇచ్చినా అది గుడ్డిగా ఇచ్చినట్టే.

నేను వెళ్ళకముందు వాళ్ళు చేసినవి

మొదట 2,4-డి కొట్టారు. అది వెడల్పాకు కలుపు మీద పని చేసే మందు, కాంగ్రెస్ గడ్డి లాంటివి పోయాయి, గడ్డి జాతి మాత్రం అలాగే నిలబడింది. నిలబడటమే కాదు, పోటీ పోయిందిగా, ఇంకా బాగా పిలకలేసింది. తర్వాత ఒక మందుల షాపులో వేరుశనగలో గడ్డికి కొట్టే మందు ఇచ్చారు, అదృష్టం బాగుండి ఆయన ఒక మూల మాత్రమే కొట్టి చూశాడు, ఆ మూలలో తిప్పరాగితో పాటు రాగి కూడా మాడిపోయింది. అది మందు తప్పు కాదు. గడ్డిని చంపి వెడల్పాకు పంటని వదిలేసే మందు అది, వేరుశనగకీ గడ్డికీ మధ్య ఉన్నంత దూరం రాగికీ తిప్పరాగికీ మధ్య లేదు. ఒకే ప్రజాతి, ఒకటే రకం కిరణజన్య సంయోగక్రియ, లోపల ఎంజైములు దాదాపు ఒకటే. మొలిచాక కొట్టే మందు ఏదైనా సరే రాగిని వదిలి తిప్పరాగిని మాత్రమే పట్టుకుంటుందని ఎవరైనా చెప్తే నేను రెండుసార్లు ఆలోచిస్తాను.

గట్ల మీద, నాటే ముందు దుక్కిలో గ్లైఫోసేట్ కూడా చాలా ఏళ్ళుగా వాడుతున్నారు. దాన్ని ఆపమన్నాను, రెండు కారణాలు చెప్పాను. ఒకటి, అది నిలబడి ఉన్న మొక్కని చంపుతుంది కానీ మట్టిలోని విత్తనాన్ని ఏమీ చెయ్యదు, వాన పడగానే కొత్తవి లేస్తాయి. రెండోది, ఈ తిప్పరాగి మందులకి అలవాటు పడటంలో ప్రపంచంలోనే పేరు మోసింది, గ్లైఫోసేట్‌కి లొంగని తిప్పరాగి మలేషియాలో 1997లోనే బయటపడింది, అంతకు ముందు 1973లో అమెరికాలోని సౌత్ కరోలినాలో ట్రైఫ్లూరాలిన్‌కి లొంగనిది కనపడింది. పైగా గ్లైఫోసేట్‌ని రైతు సొంతంగా కొట్టకూడదు, పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల చేతే కొట్టించాలి అని కేంద్రం 2022 అక్టోబర్‌లో నోటిఫికేషన్ కూడా ఇచ్చింది.

చివరిగా కూలీలని పెట్టి చేత్తో తీయించారు. సాళ్ళ మధ్య శుభ్రం అయింది, సాలులో ఉన్నవి అలాగే మిగిలాయి, ఎందుకంటే కంకి రాకముందు వాళ్ళకి ఏది రాగో ఏది తిప్పరాగో తెలియలేదు. కంకి వచ్చాక పీకితే వేర్లు పెనవేసుకుని పక్కనున్న రాగి కుదురు కూడా లేచి వచ్చేది. పీకినవి గట్టు మీద కుప్పలు పోశారు, వాటి గింజ అక్కడే ముదిరి రాలింది. ఒక మంచి తిప్పరాగి మొక్క 50 వేల పైచిలుకు గింజలు ఇవ్వగలదు, అంటే ఆ కుప్పలే వచ్చే ఏడాది కలుపుకి విత్తనం.

మొక్కని తేల్చిన విధానం

పొలంలో మొదట పొట్టి రకాన్ని తీసుకున్నాను. కాడ అడుగున నొక్కినట్టు బల్లపరుపుగా ఉంది, మొదలు తెల్లగా వెండి మెరుపుతో ఉంది, కంకి వేళ్ళు సన్నం, వేలితో రాస్తే గింజలు చేతిలోకి రాలిపోయాయి. లెన్స్ కింద పెడితే చిన్న నల్లటి గింజ, కోలగా, దాని మీద ఏటవాలు గీతలు. రాగి గింజ గుండ్రం, ఇలాంటి గీతలుండవు. ఎల్యుసైన్ గింజల్లో ఒక విశేషం ఉంది, చాలా గడ్డి జాతుల్లో గింజ పొట్టు లోపలి విత్తనానికి అతుక్కుని ఉంటే వీటిలో పలచటి పొర వదులుగా ఉండి రుద్దితే ఊడొచ్చేస్తుంది, దాని కింద ఈ గీతలు స్పష్టంగా కనపడతాయి. అందుకే నేను గింజని తడిపి, రుద్ది, అప్పుడు చూస్తాను.

ఇక్కడిదాకా ఇండికా అనడానికి సరిపోతుంది కానీ ఆఫ్రికానా కాదు అని చెప్పడానికి ఇంకా గట్టి ఆధారం కావాలి, ఎందుకంటే అది కూడా గింజ రాలుస్తుంది, అది కూడా సన్నటి వేళ్ళే. వాటి మధ్య తేడా చిన్న చిన్న చోట్ల ఉంటుంది. చిరుకంకి కింది పొలుసు మీద ఇండికాకి ఒక్క ఈనె, ఆఫ్రికానాకి రెండు మూడు, పొలుసు సైజు కూడా పెద్దది. ఆకు కాడని చుట్టుకునే చోట ఉండే పొర ఇండికాలో దాదాపు నున్నగా ఉంటే ఆఫ్రికానాలో దాని అంచున వెంట్రుకల వరస ఉంటుంది. పొలంలో వేర్వేరు మూలల నుంచి మొక్కలు తెచ్చి చూశాను, అన్నిటికీ ఒక్క ఈనె, వెంట్రుకల వరస లేదు. దీనికి తోడు విస్తరణ కూడా సాక్ష్యమే. ఇండికా ఉష్ణమండలం అంతా పరుచుకుని ఉంది, బెంగళూరులో ఫుట్‌పాత్ రాళ్ళ సందుల్లో, బస్ స్టాండ్ అంచుల్లో ఎక్కడ చూసినా అదే. ఆఫ్రికానా ఇల్లు తూర్పు, దక్షిణ ఆఫ్రికా. ఒక మొక్కని గుర్తుపట్టేటప్పుడు అది ఆ చోట ఉండే అవకాశం ఎంత అనేది కూడా లెక్కలోకి తీసుకోవాలి, అలాగని దాని మీదే ఆధారపడి లెన్స్ పక్కన పెట్టేయకూడదు.

పొట్టిది ఇండికా అని తేలింది కాబట్టి ఆయన భయానికి సగం జవాబు దొరికింది. ఇండికాలో క్రోమోజోములు 18, రాగిలో 36. రాగిలోని రెండు జతల జీనోముల్లో (అంటే పూర్తి క్రోమోజోము సెట్లలో) ఒకటి ఇండికా వైపు నుంచే వచ్చింది, అదీ తల్లి వైపు నుంచి, కాబట్టి చుట్టరికం బాగా దగ్గరిదే. కానీ ఇప్పుడు ఆ రెండూ కలవడం చాలా అరుదు, కలిసినా పుట్టేది మూడు సెట్ల క్రోమోజోములున్న మొక్క, దానికి విత్తనం కట్టదు. ఆఫ్రికానాకీ రాగికీ రెండింటికీ 36 కాబట్టే అక్కడ కలిసిపోతాయి. ఆఫ్రికా రాగినీ మన రాగినీ కలిపి లక్ష్మణయ్య గారు కర్ణాటకలో తీసిన ఇండాఫ్ రకాల కథ ఆయనకి చెప్పాను, ఇండియా ఆఫ్రికా కలిపితే ఇండాఫ్, అవి అంత బాగా పండాయంటే ఇద్దరూ ఒకే జాతి కాబట్టే. తిప్పరాగితో అలా కుదరదు. ఆయన చాలాసేపు ఆలోచించి, "అయితే మరి ఆ పొడుగుది ఏంది సార్?" అన్నాడు. సరైన ప్రశ్న.

పొడుగు మొక్కల మీద మాట ఇచ్చే ముందు పండించి చూద్దామన్నాను. కొన్ని మొక్కల గింజలు వేరువేరుగా తీసి, ఏ మొక్క గింజలు ఆ కుండీల్లోనే వేసి ఎండాకాలంలో నీళ్ళు పెట్టి పెంచాం. ఇలా ఎందుకంటే, అది నిజంగా కలిసిపోయిన పిల్ల అయితే దాని గింజల నుంచి వచ్చే మొక్కలు ఒక్కోటి ఒక్కోలా ఉండాలి, కొన్ని గింజ రాల్చాలి, కొన్ని రాల్చకూడదు. రాగి దాదాపు పూర్తిగా తనలో తాను పరాగ సంపర్కం చేసుకునే పంట కాబట్టి, అది వేరే రకం రాగి మాత్రమే అయితే పిల్లలన్నీ తల్లిలాగే రావాలి. అన్నీ ఒకేలా వచ్చాయి. ఎత్తు ఒకటే, విచ్చుకున్న వేళ్ళు ఒకటే, ఒక్కటి కూడా గింజ రాల్చలేదు. అంటే అది విత్తనంలో కలిసిన ఇంకో రాగి రకం, అంతే.

మరి అది ఎక్కడ కలిసింది? ఈ ప్రాంతంలో రాగి కోశాక రోడ్డు మీద పరుస్తారు, లారీలూ కార్లూ దాని మీదుగా పోతే గింజ రాలుతుంది. వీళ్ళూ అదే చేస్తారు, పక్క పొలం వాళ్ళు అదే రోడ్డు మీద వాళ్ళ పాత నాటు రాగి పరుస్తారు, ఒకళ్ళు ఎత్తిన చోటే ఇంకొకళ్ళు పోస్తారు. దీనికి మందు అక్కర్లేదు, విత్తనం భాగం మాత్రం ఇంటి దగ్గర టార్పాలిన్ మీద కొట్టుకోండి, ముందు ఆ భాగమే కొట్టండి, గోతాలు కొత్తవి వాడండి అన్నాను. పొడుగు మొక్కల సంగతి ఆ తర్వాత సీజన్‌లో నిజంగానే చాలా తగ్గిపోయింది, మిగిలిన ఒకటీ అరా కంకి దశలో చేత్తో ఏరేశారు.

కలుపు ఎక్కడ నిలబడి ఉంది

అసలు పని తిప్పరాగి. పొలంలో నడుస్తున్నప్పుడు నన్ను ఆపేసింది ఏంటంటే, అది సాళ్ళ మధ్య కంటే సాలులోనే ఎక్కువుంది, అదీ రాగి కుదుళ్ళ మధ్య ఉన్నంత దూరంలోనే ఉంది. గాలికో నీళ్ళకో వచ్చిన విత్తనం అలా వరస కట్టి మొలవదు. కొన్ని కుదుళ్ళు తవ్వి చూస్తే ఒకే గుంటలో రాగీ తిప్పరాగీ కలిసి ఉన్నాయి, కొన్ని గుంటల్లో వట్టి తిప్పరాగే ఉంది. మనుషులే నాటారు. నారుతో పాటు వచ్చి, నారుగా భ్రమపడి, చేత్తో నాటబడి, సాళ్ళ మధ్య కలుపు తీసే దంతె మొదటిసారి తోలినప్పటి నుంచీ సాలు రక్షణలో పెరిగింది.

నారుమడి దగ్గరికి పోయి చూస్తే విషయం అర్థమైంది. బోరు అక్కడే ఉందని నారుమడి పశువుల కొట్టం పక్కనే వేస్తారు, మనుషులూ పశువులూ తొక్కి తొక్కి గట్టిపడిన నేల. తిప్పరాగికి అలాంటి తొక్కిన నేలంటే ఇష్టం, వేరే మొక్కలు వేరు దింపలేని చోట అది దింపుతుంది. దాని మీద సగం మాగిన పేడ ఎరువు. ఆ ఎరువు దిబ్బ మీద కూడా తిప్పరాగే. పొలంలో కలుపు మీద ఎన్ని డబ్బులు పెట్టినా, ప్రతి ఏడాదీ ఇక్కడి నుంచి కట్టలు కట్టి మళ్ళీ పొలానికి మోస్తున్నారన్నమాట.

అవ్వకి ఇది చెప్తే ఆవిడ ఒప్పుకోలేదు. "నాయనా, నారు పీకేది నేనే. నా చేతికి తెలీదా?" ఆవిడ మాటని పక్కన పెట్టే ఉద్దేశం నాకు లేదు, కట్టలు విప్పి చూద్దామవ్వా అన్నాను. ఆవిడ స్వయంగా పీకిన కట్టల్లో ఒక్కటి కూడా లేదు, కూలీలు పీకిన కట్టల్లో ఉన్నాయి. ఎలా గుర్తుపడతావవ్వా అని అడిగితే, చూసి కాదు, పీకేటప్పుడు బొటనవేలి కింద కాడ బద్దలాగా తగులుతుంది, పైగా లాగితే మొండికేస్తుంది అంది. మొలక దశలో కంటికి రెండూ కవలల్లా ఉంటాయి, ఆవిడ వేలికి మాత్రం తెలుస్తాయి. రాగి కాడ కూడా అడుగున కొంచెం నొక్కినట్టే ఉంటుంది కాబట్టి ఈ తేడా మాటల్లో నేర్పితే రాదు, రెండూ పక్కపక్కన పట్టుకుంటేనే వస్తుంది.

పని చెయ్యని ప్లాన్, అందులోంచే వచ్చిన దారి

నారుమడిని వేరే చోటికి మార్చడం మొదట అనుకున్నాం. నీళ్ళు మోయాలి, కాపలా ఉండాలి, అడవి పందులు, ఆయన కుదరదన్నాడు. ఒప్పుకున్నాను, ఇంట్లో మనుషులు రోజూ చెయ్యలేని పని ప్లాన్‌లో పెట్టి లాభం లేదు. ఊదా రంగు కణుపులున్న రకం వేస్తే పచ్చటి కలుపు తేలిగ్గా కనపడుతుంది కదా అని కూడా అనుకున్నాం, కానీ విత్తనం తీసుకునేవాళ్ళకి కావలసింది జీపీయూ-28, కొనేవాడు లేని విత్తనం పండించి ఏం చేస్తాం.

అందుకని అదే చోట ఏప్రిల్‌లో మడి తడిపి, పారదర్శకమైన ప్లాస్టిక్ షీట్ కప్పి, ఎండకి మట్టిని వేడెక్కించి విత్తనాన్ని చంపుదామని చూశాం. చాలా చోట్ల పని చేసే పద్ధతే. ఇక్కడ చెయ్యలేదు. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల ఎత్తులో ఉంది, ఏప్రిల్‌లో కూడా రాయలసీమలో కాసినంత ఎండ కాయదు, రాత్రికి చల్లబడుతుంది, మధ్యలో మామిడి జల్లులు, మబ్బు. షీట్ కింద తిప్పరాగి చావలేదు సరికదా పచ్చగా ఒత్తుగా తివాచీలా లేచింది. ఆయన ఫోన్ చేసి, "సార్, చంపమంటే పెంచినాం" అన్నాడు, గొంతులో బాధ తెలుస్తోంది.

కానీ నాకు అక్కడే దారి కనపడింది. తిప్పరాగి విత్తనం నిద్ర లేవడానికి పగలూ రాత్రీ మధ్య వేడి తేడా బాగా పని చేస్తుంది, పగలు 35 డిగ్రీల దాకా పోయి రాత్రి 20కి దిగితే అది ఎక్కువగా మొలుస్తుంది. షీట్ కింద తేమ, పైన ఎండ, రాత్రి బెంగళూరు చలి, అంటే దానికి ఏం కావాలో సరిగ్గా అదే మనం ఇచ్చాం. చంపడానికి చాలని వేడి లేపడానికి సరిపోయింది. లేచిన దాన్ని తీసెయ్యడం చిటికెలో పని, మట్టిలో పడుకున్న దాన్ని ఏమీ చెయ్యలేం. కాబట్టి షీట్‌ని చంపే పనికి కాకుండా లేపే పనికి పెట్టుకుందాం అన్నాను.

షీట్ తీసి, లేచిన మొలకల్ని పారతో పైపైన చెక్కేశారు. ఇక్కడ ఒక్క షరతు మీద నేను పట్టు పట్టాను. మళ్ళీ తవ్వకూడదు, రోటవేటర్ అసలే వద్దు. ఈ విత్తనం పైపొరలో ఉంటేనే బాగా మొలుస్తుంది, లోతుకి పోయే కొద్దీ మొలక తగ్గిపోతుంది, తవ్వితే అడుగున నిద్రపోతున్నవన్నీ పైకొస్తాయి. మడి అంటే మెత్తగా దున్నాలి కదా అని ఆయన వాదించాడు, పక్కన చిన్న ముక్క దున్ని చూడండి అన్నాను, ఆ ముక్కలో మళ్ళీ తివాచీ లేచింది. అక్కడితో వాదన అయిపోయింది. తడపడం, కప్పడం, లేచాక చెక్కడం, నాట్ల ముందు దాకా ఇలాగే నడిచింది, మొలకలు పలచబడే దాకా.

ఎరువు సంగతి కూడా మార్చాం. మడికి పచ్చి పేడ ఆపేశారు, దిబ్బని తిరగేసి లోపల వేడెక్కేలా మాగబెట్టి, మడికి మాత్రం బాగా మాగినదే వేశారు. దిబ్బ పైన మొలిచినవి కంకి రాకముందే కోసి పశువులకి వేశారు.

ఇంకో మార్పు నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. నారు చల్లడం మానేసి మడిలో కూడా గీతలు గీసి వరసల్లో విత్తించాను. మొలక రూపం చూసి గుర్తుపట్టలేనప్పుడు అది నిలబడిన చోటు చూసి గుర్తుపట్టొచ్చు, గీత మీద ఉంటే రాగి, గీతల మధ్య ఉంటే కలుపు. కూలీలకి వృక్షశాస్త్రం నేర్పక్కర్లేదు. గీతలోనే కలిసి మొలిచిన కొన్ని మాత్రం మిగులుతాయి, వాటికి అవ్వ వేలు ఉంది. నారు పీకే రోజు ఆవిడ పీకడం మానేసి కట్టలు కట్టే దగ్గర కూర్చుంది, ప్రతి పిడికెడూ ఆవిడ చేతి మీదుగా పోయింది, రెండు మొక్కలూ పక్కపక్కన పెట్టి మిగతా ఆడవాళ్ళకి కూడా పట్టించింది. ఆ సీజన్ చివరికి వాళ్ళలో ఇద్దరు ఆవిడంత బాగా పట్టుకోవడం నేర్చుకున్నారు.

పొలంలో

నాటాక సాళ్ళ మధ్య దంతె తోలారు, అది ఎప్పుడూ చేసేదే. కొత్తగా చేసింది సాలులో ఒక ఏరివేత, దానికి సమయం ఎంచుకోవడంలో మళ్ళీ ఈ గడ్డి స్వభావమే పనికొచ్చింది. రాగి ఇంకా పిలకలు వేస్తుండగానే తిప్పరాగి కంకి బయట పెట్టేస్తుంది. ఆ కొద్ది రోజులు దాన్ని దాక్కోనివ్వవు, కంకి ఉన్నదల్లా కలుపే, తప్పు పోయే అవకాశమే లేదు. అంతకంటే ముందు పోతే గుర్తుపట్టలేరు, ఆలస్యం చేస్తే గింజ రాలిపోతుంది, రాగి కంకి కూడా వచ్చేస్తే గందరగోళం. వాన పడి నేల మెత్తగా ఉన్న మర్నాడు పెట్టుకుంటే పక్క కుదురు లేవకుండా వస్తుంది, లేకపోతే కొడవలితో మొదలంటా కోసినా చాలు. పీకింది గట్టు మీద వెయ్యకుండా గోతంలో వేసుకుని బయటికి మోయించాం, కూలీలు విసుక్కున్నారు, అయినా చేశారు.

మొదటి సీజన్‌లో పూర్తిగా పోలేదు. పొలం మట్టిలో పాత విత్తనం ఉంది కదా, సాళ్ళ మధ్య బాగానే లేచింది. కానీ అది ఎక్కడ లేచిందో చూడండి, సాళ్ళ మధ్య, దంతెకి అందే చోట. సాలులో ఉన్నవి ఏరడానికి కూలి ఖర్చు అంతకు ముందు దానితో పోలిస్తే చాలా తక్కువైంది. విత్తనం కోసం చూడ్డానికి వచ్చిన వాళ్ళు ఆ సీజన్ లాట్ తీసుకున్నారు, గింజని జల్లెడ పట్టి చిన్న నల్ల గింజ లేకుండా చేసి ఇచ్చారు. రెండో సీజన్‌కి నారుమడిలో షీట్ కింద లేచే మొలకలే బాగా పలచబడ్డాయి.

ఇలాంటి కేసు వచ్చినప్పుడు నేనిప్పుడు అడిగే మొదటి ప్రశ్న కలుపు ఎంత ఉంది అని కాదు, సాలులో ఉందా సాళ్ళ మధ్య ఉందా అని. సాలులో ఉంటే పొలం వదిలి నారుమడికో విత్తన గోతానికో పోతాను. రెండో ప్రశ్న, గింజ రాలుతోందా. రాలకపోతే అది ఎంత వింతగా ఉన్నా ముందు కల్తీ అనే అనుమానిస్తాను, సంకరం అనే మాట కుండీల్లో పిల్లలు పెరిగి చూపించాకే వాడతాను. ఆ మాట తొందరపడి వాడితే రైతు మంచి విత్తనాన్ని పారేసుకుంటాడు, ఈ ఇంట్లో అది ఇంచుమించు జరగబోయింది, ఆయన అప్పటికే విత్తనం మొత్తం మార్చేద్దామని బయట ధరలు కనుక్కుంటున్నాడు.

ఇప్పుడు మిగిలింది పడమటి గట్టు. అటువైపు పొలం అమ్మేశారు, లేఔట్ వేసి రాళ్ళు పాతారు, ఇళ్ళు ఇంకా కట్టలేదు, రోడ్డు కోసం రోలర్ తొక్కించిన నేల అంతా తిప్పరాగే. వాన నీళ్ళు అక్కడి నుంచి ఇటు దిగుతాయి. గట్టు వెంట ఒక కాలువ తీసి నీళ్ళని పక్కకి మళ్ళించారు, కాలువ అంచున పశువుల కోసం బహువార్షిక మేత గడ్డి దట్టంగా నాటారు, ఖాళీ నేల దొరక్కపోతే తిప్పరాగి మొలవడానికి చోటుండదని. లేఔట్ కాపలా మనిషితో మాట్లాడి అటువైపు కంకి రాకముందే వాళ్ళ ఆవులు, పక్కింటి వాళ్ళ ఆవులు మేపుకోవడానికి ఒప్పించుకున్నారు. ఆ గట్టు పక్క సాళ్ళని మాత్రం విత్తనానికి తీసుకోకుండా ఇంటి సంగటికి ఉంచుకుంటున్నారు.